బీరువా మీద క్యాసెట్టు
(సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

ఈ బడిలో నేను నోరు విప్పినప్పుడల్లా బెంచీ ఎక్కించేవారు. ఇవాళ మైకిచ్చారు. కార్యదర్శి గారు పది నిమిషాలే అన్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

నిరుడు మన తెలుగు మాస్టారి అమ్మాయి గారు ఫోన్ చేశారు. మాస్టారు పోయి పదిహేనేళ్ళు దాటింది. "నాన్నగారి ఫొటోలు బోలెడు ఉన్నాయండి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. తాతగారు ఎలా మాట్లాడేవారని పిల్లలు అడుగుతున్నారు. మీ వార్షికోత్సవానికి వీడియో తీశారటగా?" అన్నారు.

తీశారండి. ఆ వీహెచ్ఎస్ క్యాసెట్టు మా ఇంట్లోనే ఉంది. 1996 నవంబరు తుపానుకి మా ఇంటి పెంకులు ఎగిరిపోయి సామానంతా తడిసినప్పుడు, మా అమ్మ బ్యాంకు పుస్తకాలతో పాటు దాన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి బీరువా మీద పెట్టింది. జాగ్రత్త అనుకుంది పాపం. తేమ లోపలే ఉండిపోయింది. నేను కవరు విప్పేసరికి రీలు అంచున తెల్లగా పిండి చల్లినట్టు బూజు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. అమ్మాయి గారికి మాటిచ్చాను కదా అన్న తొందరలో పాత వీసీఆర్ ఒకటి కొని, క్యాసెట్టు అలాగే తోసేశాను. రెండు నిమిషాలు బొమ్మ కదిలింది. తర్వాత చుక్కలు, గీతలు, కర్రుమని చప్పుడు. రీలు లోపల చుట్టుకుపోయింది. జానెడు రీలు నలిగిపోయింది. హెడ్డు నిండా బూజు. అందులో ఇంకో క్యాసెట్టు పెట్టి ఉంటే దానికీ అంటుకునేదే. అందుకే చెబుతున్నాను, బూజు కనిపిస్తే దయచేసి ఆడించకండి. "ఒక్కసారి చూసి చూద్దాం" అనే మాటే ప్రమాదం.

తర్వాత ఒక పాత టీవీ మెకానిక్ గారు ఆదుకున్నారు. వెనక ఉన్న అయిదు మరలు విప్పి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, వసారాలో కూర్చుని, రీలును నెమ్మదిగా తిప్పుతూ పొడి మెత్తని గుడ్డతో తుడిచారు. ఒక పూట పట్టింది. తర్వాత ఆ చక్రాలను వేరే మంచి క్యాసెట్టు డబ్బాలోకి మార్చారు. ఇలాంటి పని వచ్చిన వాళ్ళు ఇప్పుడు అరుదు. మిషన్లూ అంతే. జపాన్‌లోని ఫునాయి కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేశాక కొత్తవి రావడం లేదు. ఉన్నవాటితోనే గడపాలి.

మిగతాది తేలికే. వీసీఆర్ వెనక పసుపు వైరు బొమ్మకి, ఎరుపు, తెలుపు శబ్దానికి. వాటిని క్యాప్చర్ డబ్బీకి, దాన్ని కంప్యూటర్‌కి కలపాలి. మన దేశంలో రికార్డు చేసినవి పాల్ పద్ధతిలో ఉంటాయి కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, 720 బై 576 అని పెట్టుకోండి. మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలూ పడుతుంది, అడ్డదారి లేదు. డీవీ రూపంలో దాస్తే గంటకి సుమారు 13 జీబీ. అది అసలు ప్రతి. వాట్సాప్‌లో పంపడానికి చిన్న ఎంపీ4 వేరే చేసుకోండి. అసలు ప్రతి రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఊళ్ళలో ఉండాలి. క్యాసెట్టు మాత్రం పారేయకండి.

ఎవరింట్లోనైనా అమెరికా బంధువులు తీసిన సూపర్ 8 ఫిల్ము ఉంటే, పులుపు వాసన వస్తోందేమో చూడండి. వస్తే ప్రొజెక్టరుకి ఎక్కించకుండా ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేసే చోటికి ఇవ్వండి.

ఇంకో మాట. మా అబ్బాయి ఆ వీడియోని ఏఐకి ఇచ్చి "క్లియర్" చేయించాడు. మాస్టారికి ముందు పన్ను లేదని మీ అందరికీ తెలుసు. ఏఐ కట్టించేసింది! నిగనిగలాడే పలువరుసతో ఎవరో నవ్వుతున్నారు, మన మాస్టారు మాత్రం కాదు. అది తీసేయించాను.

చివరికి ఏం దక్కిందంటారా? స్టూడియో అబ్బాయి డాన్సులన్నిటి మీదా సినిమా పాటలు పరిచేశాడు. మాస్టారి ప్రసంగం ఒక్కటే అసలు శబ్దంతో వదిలేశాడు, నాలుగు నిమిషాలు. నేను నలిపిన చోట రెండు మూడు మాటలు పోయాయి. అమ్మాయి గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. మాస్టారు మధ్యలో ఆగి, "వెనక బల్లలో మాటలు!" అని గదమాయిస్తారు. ఆవిడ దాన్నే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి విన్నారు. ఆ పోయిన మాటలేమిటని అడిగారు. నాకు గుర్తులేవు. ఆ రోజు సభలో ఉన్నవాళ్ళెవరికైనా గుర్తుంటే నాకు చెప్పండి.

అందులో మన బడి వెనక కొబ్బరితోట కూడా ఉంది, తుపానుకి ముందున్నది.

భోజనాలయ్యాక సైన్సు ల్యాబులో ఆ వీడియో వేస్తాను. గురువులు ముందు వరసలో కూర్చోవాలి, ఎందుకంటే ఎవరెవరో పేర్లు రాసుకోవాలి. ఇప్పటికి 41 మందిని గుర్తుపట్టాం. కోలాటం వరసలో ఎడమ నుంచి మూడో అమ్మాయి, ఆకుపచ్చ పరికిణీ, పాట అయిపోయినా ఆడుతూనే ఉంటుంది. ఆ అమ్మాయి ఎవరో మా బ్యాచిలో ఒక్కరికీ తెలియడం లేదు.