వేడుక నాటి వస్త్రం

మనకు దేహాన్ని, దేహాన్ని కప్పుకునే వస్త్రాన్ని, ఆ వస్త్రంలో అందాన్ని అనుగ్రహించిన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై దరూద్, సలాములు పంపుతున్నాము. అమ్మా బాద్.



మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే ప్రతి ఇంటా వినిపించే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏమి కట్టుకోవాలి?" ఈ ప్రశ్న చిన్నదని మనం కొట్టివేయరాదు. దీని వెనుక కొందరి సంతోషం ఉంది, కొందరి అప్పు ఉంది, మరికొందరి మౌనం ఉంది. కనుక ఈ శుక్రవారం ఈ ప్రశ్నను దివ్య ఖుర్ఆన్, ప్రవక్త సున్నత్‌ల వెలుగులో పరిశీలిద్దాం.

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. చక్కని దుస్తులు ధరించడం దైవభక్తికి విరుద్ధమని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. ఆరాఫ్ సూరా 26వ ఆయత్‌లో అల్లాహ్ వస్త్రం వల్ల కలిగే రెండు ప్రయోజనాలను పేర్కొన్నాడు. అది మానాన్ని కప్పుతుంది, మనిషికి శోభను ఇస్తుంది. ఆ రెండింటికంటే ఉత్తమమైనది దైవభీతి అనే వస్త్రమని కూడా అక్కడే తెలియజేశాడు. అదే సూరా 31వ ఆయత్‌లో ఆరాధనా వేళ అలంకరణతో ఉండమని ఆదేశించి, వెంటనే మితిమీరవద్దని హెచ్చరించాడు. అలంకరణ, మితం అనే ఈ రెండు ఆజ్ఞలూ ఒకే ఆయత్‌లో పక్కపక్కనే ఉన్నాయి. మనలో కొందరు మొదటిదాన్ని మరచిపోతారు, ఎక్కువమంది రెండవదాన్ని మరచిపోతారు.

మాసిన, చిరిగిన దుస్తులతో వచ్చిన ఒక సహచరుణ్ణి దైవప్రవక్త (స) నీకు సంపద లేదా అని అడిగారు. ఒంటెలు, గొర్రెలు, గుర్రాలు అన్నీ ఉన్నాయని ఆయన బదులిచ్చాడు. అట్లయితే అల్లాహ్ అనుగ్రహం నీపై కనబడనివ్వమని ప్రవక్త (స) హితవు పలికారు. ఈ ఉల్లేఖనం సునన్ అబూదావూద్‌లో ఉంది. పనిలో ధరించే బట్టలు కాకుండా జుమా కోసం వేరుగా ఒక జత ఉంచుకోవడం మంచిదని కూడా ఆయన బోధించారు. తెల్లవారక ముందే టమోటా మార్కెట్‌లో గంపలు మోసే సోదరునికి, గ్రానైట్ క్వారీలో పనిచేసే సోదరునికి, కుప్పం నుండి రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లే సోదరునికి ఈ బోధన ఎంత సన్నిహితమైనదో గమనించండి. ఉతికి మడిచి పెట్టుకున్న ఒక్క జత చాలు.

ఇక పట్టు విషయానికి వద్దాం. మనం పట్టు నేలపై నివసిస్తున్నాం. కుప్పం, పలమనేరు పరిసరాల్లో మల్బరీ సాగు ఉంది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల మగ్గాలకు పేరుపొందింది. కాబట్టి మన ప్రాంతపు ప్రతి వేడుకలోనూ పట్టు ప్రస్తావన రాక తప్పదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఒక సంఘటనను ఇక్కడ జ్ఞాపకం చేసుకుందాం. హజ్రత్ ఉమర్ (రజి) మస్జిద్ ద్వారం వద్ద ఒక పట్టు దుస్తుల జత అమ్మకానికి ఉండగా చూశారు. జుమా నాడు, రాయబారులు వచ్చినప్పుడు ధరించేందుకు దానిని కొనవలసిందిగా ప్రవక్త (స)కు విన్నవించారు. ప్రవక్త (స) ఆ జతను నిరాకరించారు. ముఖ్యమైన సందర్భానికి ప్రత్యేక దుస్తులు ధరించాలన్న ఆలోచనను మాత్రం ఆయన తప్పుపట్టలేదు. ఆ వస్త్రం పట్టుది కావడమే నిరాకరణకు కారణం. కొంతకాలం తర్వాత అటువంటి జత ఒకటి హజ్రత్ ఉమర్‌కు ఆయనే పంపించి, ఇది నీవు ధరించడానికి కాదని స్పష్టం చేయగా, ఉమర్ (రజి) దానిని మక్కాలో ఉన్న తన సోదరునికి ఇచ్చివేశారు.

పట్టు, బంగారం మన స్త్రీలకు ధర్మసమ్మతం, పురుషులకు నిషిద్ధం. నాలుగు వేళ్ల వెడల్పు లోపు పట్టు అంచుకు మాత్రం పురుషులకు వెసులుబాటు ఉందని సహీహ్ ముస్లింలో హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఈనాడు దుకాణాల్లో "సిల్క్" అనే పేరుతో అనేక రకాలు అమ్ముతున్నారు. వాటిలో చాలా వరకు పాలియెస్టర్ లేక రేయాన్ దారంతో నేసినవే. అవి పురుగు పట్టు కావు. వరునికి షేర్వానీ కొనేటప్పుడు బట్ట దేనితో నేసినదో అడిగి తెలుసుకోవాలి. 2004లో ప్రారంభమైన సిల్క్ మార్క్ చీటీ ఉంటే అది అసలు పట్టు అన్నమాట. అమ్మాయి చీరకు ఆ చీటీ ఒక భరోసా, అబ్బాయి షేర్వానీకి అదే ఒక హెచ్చరిక. చీటీ లేకపోతే అంచు నుండి ఒక దారం తీసి కాల్చి చూడవచ్చు. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసవలె మిగులుతుంది.

మన పూర్వీకులు ఈ నిషేధాన్ని భారంగా తలచలేదు. గుజరాత్‌లోని పాటన్, మాండ్వీలలో మష్రూ అనే వస్త్రం నేశారు. ధర్మసమ్మతమైనది అని ఆ పేరుకు అర్థం. పైకి పట్టు మెరుపు కనిపిస్తుంది, ఒంటికి తగిలేది నూలు. దక్కన్‌లో ఔరంగాబాద్ హిమ్రూ కూడా నూలు, పట్టు కలిపి నేసినదే. పడుగు పట్టుదై పేక నూలుదైన వస్త్రాన్ని హనఫీ ఫిఖహ్ పురుషులకు అనుమతించింది. పడుగు అంటే ఏమిటో, పేక అంటే ఏమిటో మగ్గాల ఊరివారికి వివరించనవసరం లేదు. ధర్మం గీసిన హద్దులో ఉంటూనే అందాన్ని సాధించిన నేత అది. పైగా ఆ నేతలో లోపలి నూలు చెమటను పీల్చుకుని ఒంటికి హాయినిస్తుంది.

సోదరులారా! హాయి అన్న మాట వచ్చింది కనుక దానిని గురించి కూడా చెప్పుకోవాలి. వస్త్రం మనిషికి సేవ చేయాలి తప్ప మనిషి వస్త్రానికి సేవ చేయరాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, హజ్రత్ జుబైర్ (రజి)లకు చర్మంపై దురద కలిగినప్పుడు ప్రవక్త (స) పట్టు చొక్కా ధరించడానికి అనుమతించారు. దేహానికి కలిగే బాధను షరీఅత్ ఎంతగా లక్ష్యపెట్టిందో దీనివల్ల తెలుస్తున్నది. మరొక సందర్భంలో ఆయన నగిషీ గల దుప్పటి కప్పుకుని నమాజు చేయగా, దాని చిత్రాలు దృష్టిని మరల్చాయి. వెంటనే దానిని అబూ జహ్మ్ (రజి) వద్దకు పంపించి, ఆయన వద్ద ఉన్న సాదా దుప్పటిని తెప్పించుకున్నారు. ప్రవక్త దృష్టినే ఒక నగిషీ మరల్చగలిగినప్పుడు, మెడ గీరుకుపోయే జరీ పట్టీ, ఊపిరాడనివ్వని బిగుతు కోటు మన నమాజును ఏమి చేస్తాయో ఆలోచించండి.

కనుక వేడుక దుస్తులను ఎంచుకునేటప్పుడు ఒక సులువైన పరీక్ష పెట్టుకుందాం. ఆ దుస్తులతోనే ఇంట్లో రెండు రకాతులు నమాజు చేసి చూద్దాం. వుజూ కోసం చేతులు మోచేతుల పైదాకా మడవగలగాలి. రుకూలో వీపు భాగం, సజ్దాలో కాళ్ల భాగం బయటపడరాదు, కుట్లు పిగలరాదు. సోదరీమణుల వస్త్రం ఒంటి ఆకృతిని చూపేంత బిగుతుగాను, చర్మం కనిపించేంత పలుచగాను ఉండరాదు. చంటిబిడ్డ తల్లి పాలివ్వడానికి వీలుండాలి, మెట్లు ఎక్కేటప్పుడు అంచు కాలికి తట్టుకోరాదు. కొత్త చెప్పులను నాలుగు రోజుల ముందు నుండే ఇంట్లో తొడిగి నడవాలి. ఈ పరీక్షలో నెగ్గిన దుస్తులు షాదీఖానాలో ఆరు గంటలు కూర్చున్నా బాధపెట్టవు. మగ్రిబ్ వేళ అయినప్పుడు బట్టలు నలుగుతాయని నమాజు వాయిదా వేసే దుస్థితీ కలగదు.

కాలాన్ని కూడా గమనించాలి. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నందున డిసెంబరు ఉదయాలు చలిగా ఉంటాయి, మే నెల మధ్యాహ్నాలు మాత్రం ఎవరినీ విడిచిపెట్టవు. మన పండుగలు చాంద్రమానాన్ని అనుసరించి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2017లో జూన్ 26న వచ్చిన రంజాన్ పండుగ 2025లో మార్చి 31న వచ్చింది. అందుచేత ఒకే రకపు బట్ట అన్ని సంవత్సరాలకూ తగదు. ఎండాకాలంలో నూలు, చలికాలంలో దళసరి బట్ట ఎంచుకోవడం వివేకం. ప్రవక్త (స) తెల్లని వస్త్రాలను ధరించమని, మృతులకు వాటితోనే కఫన్ ఇవ్వమని బోధించారు. తెలుపు ఎండకు చల్లన, కంటికి నిర్మలం, మనసుకు మరణ స్మరణ. పసిపిల్లలకు లోపల మెత్తని నూలు బట్ట వేయకుండా గుచ్చుకునే జరీ తొడిగి, వారు ఏడిస్తే మందలించడం న్యాయం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. హల్దీకి ఒక జత, మెహందీకి మరొకటి, నిఖాకు ఇంకొకటి, వలీమాకు వేరొకటి, బంధువులందరికీ ఒకే రంగు బట్టలు. ఇదీ నేటి మన వాడుక. స్తోమత గలవారు ప్రారంభించినదానిని లేనివారు అప్పు చేసి అనుసరిస్తున్నారు. ఒక్క సాయంత్రం ధరించిన లెహంగా బీరువాలోకి వెళ్లిపోతుంది. దాని తాలూకు వాయిదాలు మాత్రం ఏడాది పొడవునా ఆ ఇంటి తలుపు తడుతూనే ఉంటాయి. అంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. సొంత మేనకోడలి నిఖాకు ఒంట్లో బాగాలేదని చెప్పి రాకుండా ఉండిపోయే సోదరి మన మధ్యనే ఉంది. ఆమెకు వచ్చిన జబ్బు ఏమిటో మనకు తెలియదా? పోయిన పెళ్లికి కట్టిన చీరనే మళ్లీ కట్టుకు వస్తే చూసేవారి కళ్లు ఏమంటాయో ఆమెకు తెలుసు. ఆమెను ఇంట్లోనే ఆపివేసినది పేదరికం కాదు, మన చూపు. అహంకారమంటే సత్యాన్ని తిరస్కరించడం, మనుషులను చిన్నచూపు చూడడం అని ప్రవక్త (స) నిర్వచించారు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడడం అహంకారమా అని అడిగినవారికి ఆయన ఇచ్చిన సమాధానమే అది. అంటే దోషం బట్టలో లేదు, ఎదుటివారి బట్టను కొలిచే కంటిలో ఉంది.

మదీనా సమాజం ఈ సమస్యను ఎట్లా పరిష్కరించిందో వినండి. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ఐదు దిర్హములు విలువ చేసే నూలు వస్త్రం ఒకటి ఉండేది. ప్రవక్త (స) కాలంలో మదీనాలో పెళ్లికూతురిని అలంకరించవలసి వస్తే ఆ వస్త్రం కోసం ఆమెకే కబురు వచ్చేదని సహీహ్ బుఖారీలో ఉంది. తర్వాతి రోజుల్లో అటువంటి వస్త్రాన్నే ఇంట్లో కట్టుకోవడానికి తన పనిమనిషి సైతం ఇష్టపడడం లేదని కూడా ఆమె చెప్పారు. కాలం మారింది, కోరికలు పెరిగాయి. కాని ఒకే వస్త్రంతో ఎందరో పెళ్లికూతుళ్లు నిండుగా అత్తవారింటికి వెళ్లారు, ఎవరి గౌరవమూ తగ్గలేదు. ఆయిషా (రజి) స్వయంగా తమ అక్క అస్మా (రజి) హారాన్ని అడిగి ధరించారు. పండుగ నమాజుకు స్త్రీలందరూ బయలుదేరాలని ప్రవక్త (స) ఆజ్ఞాపించినప్పుడు, పై వస్త్రం లేనిదాని సంగతి ఏమిటని ఒక స్త్రీ అడిగింది. ఆమె సోదరి తన వస్త్రాన్ని ఆమెకు ఇవ్వాలని ఆయన సెలవిచ్చారు. బట్ట లేనందువల్ల ఇంట్లో ఉండిపొమ్మని ఆయన చెప్పలేదు. ఆమెను తీసుకువచ్చే బాధ్యత ఉన్నవారిపై ఉంచారు.

కాబట్టి సోదరులారా, ఈ వారమే మన ఇళ్లలో ఒక పని మొదలుపెడదాం. బీరువా తెరిచి, ఒకటి రెండుసార్లు ధరించి దాచిన షేర్వానీ, గరారా, పట్టుచీర ఏవి ఉన్నాయో చూద్దాం. వాటిని ఉతికించి, ఇస్త్రీ చేయించి, మన మస్జిద్ కమిటీ పెద్దలకు అప్పగిద్దాం. మొహల్లాలోని నమ్మకమైన ఒక సోదరి వాటి బాధ్యత వహించి, అవసరమైన ఇంటికి ఎవరికీ తెలియకుండా చేరవేయాలి. ఇచ్చినవారి పేరు పుచ్చుకున్నవారికి తెలియరాదు, పుచ్చుకున్నవారి పేరు మరెవరికీ తెలియరాదు. స్తోమత గలవారు తమ ఇంటి వేడుకకు ఒకే రంగు బట్టల నియమం పెట్టకుండా ఉందాం. పాత చీరతో వచ్చిన అతిథిని వాకిట్లోకి ఎదురేగి ఆహ్వానిద్దాం. కొత్తవి కొనవలసి వస్తే మన ఊరి నేతగాని వద్ద కొందాం. రాత్రంతా మేల్కొని కుట్టిన దర్జీ కూలిని పండుగ తర్వాతికి వాయిదా వేయకుండా, చెమట ఆరకముందే ఇచ్చివేద్దాం.

ఓ అల్లాహ్! మాకు నీవు తొడిగిన వస్త్రాలకు కృతజ్ఞులమయ్యే భాగ్యాన్ని ప్రసాదించు. మా అలంకరణను అహంకారం నుండి, మా వేడుకలను దుబారా నుండి, మా బిడ్డల పెళ్లిళ్లను అప్పుల నుండి కాపాడు. మా వల్ల ఏ సోదరీ వేడుకకు దూరం కాకుండా చూడు. దైవభీతి అనే వస్త్రాన్ని మాకు తొడిగి, స్వర్గంలో నీవు వాగ్దానం చేసిన పట్టువస్త్రాలకు మమ్మల్ని అర్హులను చేయి. ఆమీన్.