నొక్కితే పలకాలి
(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో యువతీయువకులకు చేసిన ప్రసంగ పాఠం)



1982 ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల విషయాలు చూసే కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. ఆ రోజుకు గుర్తుగానే ఈ పండగ చేసుకుంటున్నాం. మన మాట వినేవాళ్ళు ఒకరు ఉండాలన్నదే ఆ సమావేశం సారం. ఇవాళ మేము మాట్లాడేది కూడా వినడం గురించే. కాకపోతే చాలా చిన్న వస్తువు గురించి. మొబైల్ యాప్‌లో ఉండే బటన్ గురించి. ధింసా చూసి వచ్చి కూర్చున్నవాళ్ళకు ఇదేం పాఠమని నవ్వుకోకండి.

మేము టీచర్ ట్రైనింగ్ చేసి హాస్టల్ పనిలోకి వచ్చినవాళ్ళం. కంప్యూటర్ చదువు మాది కాదు. ఈ పాఠం మాకు నేర్పింది మా పిల్లలే.

ఒక ఏడాది మా హాస్టల్ అమ్మాయి ఒకతె ఫోనులో పరీక్ష ఫీజు కడుతోంది. ఆఖరి తేదీ, రాత్రి తొమ్మిదిన్నర. బటన్ నొక్కింది. తెరమీద ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. కాసేపటికి డబ్బు రెండుసార్లు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. వాళ్ళ నాన్న కాఫీ తోటలో పనికి వెళ్ళి పంపిన డబ్బు అది. పిల్ల ఏడుస్తూ వచ్చి, "నాకు ఫోను వాడడం రాదు మేడమ్" అంది. మేము ఓదార్చాల్సింది పోయి, "అన్నిసార్లు ఎందుకు నొక్కావే?" అని కసిరాం.

మర్నాడు డిప్లొమా చదివే మా ఇంకో అమ్మాయి మెల్లగా చెప్పింది. "తప్పు దానిది కాదు మేడమ్. మొదటి నొక్కుకే ఆ బటన్ పలకాలి. రెండోసారి నొక్కనివ్వకూడదు." ఎక్కువ పోయిన డబ్బు చాలా రోజులకు తిరిగి వచ్చింది. మేము అన్న మాట మాత్రం మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాత స్టడీ అవర్ అయ్యాక పిల్లలతో కూర్చుని మేమూ నేర్చుకున్నాం. యాప్ ఇన్వెంటర్ అనేది ఉంది. 2010లో గూగుల్ తెచ్చింది, తర్వాత అమెరికాలోని ఎంఐటీ చేతికి వెళ్ళింది. ఉచితం. ముక్కలు ఒకదానికొకటి తగిలించి యాప్ తయారుచేయవచ్చు. మా పిల్లలు హాస్టల్ కోసమే ఒక చిన్న యాప్ చేశారు. నీళ్ళు రాకపోయినా, లైటు పోయినా, ఒంట్లో బాగోకపోయినా ఒక బటన్ నొక్కితే మా జాబితాలో పడుతుంది.

మొదటి రోజే "నీళ్ళు రావట్లేదు" అని ఒకే గది నుంచి నాలుగుసార్లు పడింది. మళ్ళీ అదే కథ! ఈసారి బటన్ మనది కాబట్టి కారణం వెతికాం.

బటన్ మీద వేలు ఆనించడం ఒకటి, ఎత్తడం ఒకటి. ఆనించి, ఆ బటన్ మీదే ఎత్తితే క్లిక్ అయినట్టు. పొరపాటున ఆనించామనుకోండి, వేలు ఎత్తకుండా పక్కకు జరిపి అక్కడ ఎత్తితే మామూలుగా క్లిక్ కాదు. ఆ క్లిక్ కోసం కాచుకుని ఉండే కోడ్ ముక్కను ఆండ్రాయిడ్‌లో ఆన్‌క్లిక్ లిజనర్ అంటారు. లిజనర్ అంటే వినేవాడు. యాప్ ఇన్వెంటర్‌లో అయితే "వెన్ బటన్ క్లిక్, డూ" అనే ముక్క. నొక్కినప్పుడు ఏం చేయాలో అందులో పెడతాం.

మేము అందులో మూడు మెట్లు పెట్టాం. ఒకటి, నొక్కగానే ఎనేబుల్డ్ అనే గుణాన్ని ఫాల్స్ చేయడం. అంటే బటన్ ఇంక నొక్కబడదు. రెండు, బటన్ మీది అక్షరాలు "పంపుతున్నాం" అని మారడం. మూడు, జవాబు వచ్చాకే "అందింది" అని చూపడం. సిగ్నల్ లేక వెళ్ళకపోతే "వెళ్ళలేదు, మళ్ళీ నొక్కండి" అని చెప్పి బటన్‌ను తిరిగి తెరవడం. వెళ్ళకుండానే అందిందని చూపే బటన్, అసలు పలకని బటన్ కన్నా చెడ్డది. జ్వరంతో ఉన్న పిల్ల అది నమ్మి పడుకుంటుంది.

డబ్బుల యాప్‌కు ఇది కూడా చాలదు. ప్రతి చెల్లింపుకూ ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ ఒప్పుకోకూడదు. తలుపుకు గడియ ఉన్నా పెట్టెకు తాళం వేస్తాం కదా, అలాగ.

ఇంకో సంగతి. నెట్ నుంచి రావాల్సిన పనిని తెర నడిపే దారిలోనే పెడితే తెర బిగుసుకుపోతుంది. వేలి తాకుడుకు 5 సెకన్లలో స్పందన లేకపోతే యాప్ పలకడం లేదని ఆండ్రాయిడే చెప్పేస్తుంది. అందుకే అలాంటి పని వెనక నడవాలి. ఋషికొండ ఐటీ ఆఫీసులో కూర్చుని చూస్తే అర సెకనులో అయిపోయే పని, ముంచంగిపుట్టు వైపు కొండవాలులో సిగ్నల్ వెతుక్కునే మనిషికి అర నిమిషం పట్టవచ్చు. ఆ అర నిమిషం గుర్తుండేది అక్కడ నిలబడి చూసినవాళ్ళకే.

ఇక బటన్ రూపం. మా పిల్లలు మొదట ముద్దుగా చిన్న చిన్న బటన్లు పక్కపక్కన పెట్టారు. పంపడానికి ఆకుపచ్చ, రద్దుకు ఎరుపు, రెండూ ఒకే కొలత. బట్టలు ఉతుకుతూ తడి చేత్తో నొక్కినవాళ్ళు రద్దు నొక్కేశారు. అప్పుడు మార్చాం. ఆండ్రాయిడ్ సూచనల ప్రకారం తాకే చోటు కనీసం 48 డీపీ ఉండాలి. చిటికెన వేలి గోరు వెడల్పంత అనుకోండి. అది కనీసం మాత్రమే. కాయలు కాచిన చేతులకు ఇంకా పెద్దది పెట్టండి, మధ్యన ఖాళీ వదలండి. అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. లేకపోతే ఎండలో కనబడదు. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళు ఉంటాయి. మాట కూడా రాయండి. "ఓకే" అని కాదు, "దరఖాస్తు పంపు" అని రాయండి. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి బటన్ ఎత్తు బిగించేయకండి, తెగిపోతాయి.

ఆండ్రాయిడ్ యాప్‌లో బటన్ల మీది మాటలన్నీ స్ట్రింగ్స్ అనే విడి ఫైలులో పెట్టవచ్చు. భాషకొక ఫైలు. కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా భాషలకు తెలుగు లిపిలో బడి పుస్తకాలు వచ్చాయి. సవరకు 1936లో మంగెయి గొమాంగో చేసిన సొంత లిపి ఉంది, 2012లో అది యూనికోడ్‌లోకి కూడా చేరింది. మరి మన అమ్మ నొక్కే బటన్ మీద మన మాట ఎందుకు ఉండకూడదు? ఆ ఫైలు నింపడానికి ఇంజనీరే అక్కర్లేదు. భాష వచ్చిన మనిషి చాలు. ఇక్కడ కూర్చున్న మీరందరూ చాలు.

మా వార్డెన్ల తరఫున ఒకటే కోరిక. మీ ఊళ్ళో ఎవరైనా ఫోను పట్టుకుని "మాకు రాదు" అంటే, ముందు ఆ బటన్‌ను చూడండి, తర్వాత మనిషిని చూడండి. మేము చేసిన పొరపాటు మీరు చేయకండి. రేపు మీరు బటన్ తయారుచేసినప్పుడు, కొండ మీద ఒంటరిగా నిలబడి నొక్కే ఆ మనిషికి మొదటి పిలుపుకే "ఆఁ" అని పలకనివ్వండి.