ఇంటి యంత్రములకు స్థిరమైన చిరునామా



2016 డిసెంబరులో మన కోనసీమలోని మోరి గ్రామపు గృహములకు ఫైబరు తీగె చేరినది. పిమ్మట డెల్టాలోని అనేక పల్లెలకు నిట్టి తీగెలు ప్రాకినవి. తీగె చివర నుండు పెట్టెను రౌటరందురు. టెలివిజను, సెల్‌ఫోను, ప్రింటరు, వీధిగుమ్మమును కనిపెట్టు కెమెరా యన్నియు నా పెట్టెద్వారముననే మాటలాడుకొనును. ఇవి యొకదాని నొకటి గుర్తించుటకు ప్రతిదానికి నొక సంఖ్య వలయును. దానినే ఐ.పి. చిరునామా యందురు. 192.168.1.20 అనునది యట్టిది. 192.168తో మొదలగు సంఖ్యలు ఇంటిలోపలి వాడుకకే విడువబడినవి. కావున నా యింటను మీ యింటను అదే సంఖ్య యున్నను చిక్కు లేదు. రెండూళ్లలోను ఒకటవ నంబరు ఇల్లున్నట్లే.

ఈ సంఖ్యలను రౌటరు కౌలుకిచ్చును. గడువు ముగియకముందే యంత్రము కౌలును పొడిగించుకొనును. అయితే కరెంటు పోయి వచ్చినప్పుడో, యంత్రము పెక్కుదినములు ఆగినప్పుడో, ఆ సంఖ్య మఱియొకదానికి పోవచ్చును. సెల్‌ఫోనునకు దీనివలన నష్టము లేదు. కెమెరా సంగతి వేఱు. దృశ్యములను దాచు రికార్డరు దానిని పాత సంఖ్యతోనే వెదకును. సంఖ్య మాఱినచో తెర నల్లబడును. కెమెరా బాగుగనే యున్నను, దొంగ వచ్చిన రాత్రి దృశ్యమేమియు మిగులదు. బిడ్డలు హైదరాబాదుననో అమెరికాలోనో యుండగా ఒంటరిగా నున్న వృద్ధులకు ఇది చిన్న సంగతి కాదు.

నివారణోపాయము సులభము. ప్రతి యంత్రమునకు పుట్టుమచ్చవంటి పండ్రెండక్షరముల గుర్తొకటి కలదు. దానిని మ్యాక్ చిరునామా యందురు. సాధారణముగ నది యంత్రముపై నంటించిన చీటిలో నుండును. ఈ గుర్తుగల యంత్రమునకు ఈ సంఖ్యయే యీయవలెనని రౌటరులో వ్రాయింపవలెను. దీనిని రిజర్వేషను అందురు. పిమ్మట కెమెరాను ఒకసారి ఆపి మరల నడిపింపవలెను. రికార్డరులోను ఆ సంఖ్యనే చేర్పవలెను.

కొందఱు రౌటరులో వ్రాయక, కెమెరాలోనే సంఖ్యను వ్రాయుదురు. అట్లు చేసినచో ఆ సంఖ్య రౌటరు కౌలుకిచ్చు సంఖ్యలకు వెలుపల నుండవలెను. లేనియెడల ఒకే చేనును ఇద్దఱికి కౌలుకిచ్చినట్లగును. ఇద్దఱికిని తగవే మిగులును.

రౌటరును మార్చినచో ఈ వ్రాత పోవును. కావున, పూర్వము కరణముగారు అడంగలులో సర్వే నంబరునకెదుట సాగుదారు పేరు వ్రాసినట్లు, ఒక పుస్తకమున యంత్రము పేరు, గుర్తు, సంఖ్య వ్రాసి దాచుడు. తీగె బిగించు కుఱ్ఱవాడు రేపు వేఱొక యూరికి పోవచ్చును. పుస్తకము మీ యింటనే యుండును.

ఒక్క మాట. స్థిరమైన సంఖ్య తాళము కాదు. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును మార్చుట మఱువకుడు.

సెలవు.