'ఏం చెయ్యదులే' అంటే సరిపోదు
(యవనస్తుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన అంశం విని మా ఇంట్లో నవ్వారు, కుక్కల మీద ప్రసంగమేమిటని. సంగతేమిటంటే, మన యవనస్తులు కొందరు వృద్ధాశ్రమ దర్శనానికి తమ కుక్కలను తీసుకెళ్తామన్నారు. పెద్దలు వద్దన్నారు. ఇద్దరూ కలిసి నన్ను పిలిచారు కాబట్టి ఇద్దరికీ పూర్తిగా నచ్చని మాటే చెప్పాల్సి వస్తుందేమో.

కుక్కను పెంచేవాళ్లందరి నోటా ఒక మాట ఉంటుంది: "మావాడు ఏం చెయ్యడులే." అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు తెరుచుకోగానే కుక్క ఎగిరి మీదికి వస్తుంది. లోపల ఇంటిపనికి వచ్చిన అమ్మ మూలకు ఒదిగిపోతుంది. యజమాని నవ్వుతూ ఆ మాటే అంటాడు. ఆ కుక్క ఎలాంటిదో ఆయనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె ఉండే వీధిలో కుక్క కాటంటే కూలి పోగొట్టుకుని టీకాల కోసం నాలుగుసార్లు ప్రభుత్వాసుపత్రికి తిరగడం. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆమె భయం చూసి నవ్వే హక్కు మనకెవరిచ్చారు?

ఈ 'ఏం చెయ్యడులే' అన్న మాటను పరీక్ష పెట్టి చూసే పద్ధతి ఒకటుంది. అమెరికన్ కెనెల్ క్లబ్ 1989లో 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్ష మొదలుపెట్టింది. అంటే మంచి పౌరుడనిపించుకోదగిన కుక్క అని. జాతి కుక్కల వంశావళులు రాసుకునే క్లబ్బే అది. అయినా ఈ పరీక్షకు మాత్రం జాతి అడగరు, ఏ జాతో తెలియని కుక్క కూడా పాసవ్వచ్చు. (మనుషుల్లో ఇంకా పుట్టుక అడిగే సంఘాలున్నాయి. అది ఇంకో రోజు మాట్లాడదాం.)

పరీక్షలో పది అంశాలు. కొత్తమనిషి వచ్చి యజమానిని పలకరిస్తుంటే కుక్క మీదికి ఎగబడకూడదు. జనం మధ్యలో నడిచేటప్పుడు తాడు లాగకూడదు. పిలిస్తే రావాలి, ఆగమంటే ఆగాలి. ఇంకో కుక్క ఎదురైనా, పక్కన ఏదైనా ధన్‌మని పడ్డా బెదిరి పారిపోకూడదు. చివరికి యజమాని కనుమరుగైతే 3 నిమిషాలు వేరే మనిషి దగ్గర నిదానంగా ఉండాలి. పరీక్షలో తినుబండారం చూపించి పని చేయించకూడదు. గుర్రుమన్నా, కరవబోయినా అక్కడితో సరి. నాకు నచ్చింది ఇంకొకటి: ముందుగా యజమాని ఒక ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. కుక్క ఆరోగ్యం, భద్రత తన బాధ్యతనీ, తన కుక్క వల్ల ఇతరుల హక్కుకు భంగం రానివ్వననీ. అంటే మార్కులు కుక్కకైనా పూచీ మనిషిదే.

ఇది పాసైతే థెరపీ కుక్క అయిపోదు, ఇది మొదటి మెట్టు. అంధుడికి దారి చూపే కుక్క వేరు. దానికి అమెరికా చట్టం ప్రకారం యజమానితోపాటు హోటల్లోకీ ఆసుపత్రిలోకీ వెళ్లే హక్కుంది. రోగులను పలకరించడానికి వెళ్లే థెరపీ కుక్కకు ఆ హక్కు లేదు, పిలిస్తేనే వెళ్లాలి. 1977లో మొదలై ఇప్పుడు పెట్ పార్ట్‌నర్స్ అని పిలవబడుతున్న సంస్థ కుక్కనూ దాన్ని నడిపించే మనిషినీ ఒక జట్టుగా పరీక్షిస్తుంది. వాకర్, చక్రాల కుర్చీ పక్కన కుక్క ఎలా ఉంది, తడబడే చెయ్యి మొరటుగా నిమిరితే ఓర్చుకుంటుందా, ఎవరైనా కోపంగా అరిస్తే ఏం చేస్తుంది, అన్నీ చూస్తారు. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష. రోజుకు 2 గంటలకు మించి పరిచర్య లేదు. పచ్చిమాంసం తినే కుక్కను రానివ్వరు, రోగులకు ఇన్ఫెక్షన్ సోకుతుందని.

మనిషి నేర్చుకోవలసింది ఇంకా ఎక్కువ. కుక్క అదేపనిగా ఆవలిస్తున్నా, పెదవులు నాక్కుంటున్నా, ముఖం పక్కకు తిప్పేస్తున్నా అది విసిగిందని తెలుసుకుని బయటికి తీసుకుపోవాలి. మంచం దగ్గరికి వెళ్లేముందు, "రావచ్చా అమ్మా?" అని అడగాలి. వద్దంటే వద్దు. బతిమాలకూడదు.

ఇక్కడ నాకు మన దర్శనాలు గుర్తొస్తాయి. ఒకసారి మేం పదిహేనుమందిమి ఒక పెద్దాయన మంచం చుట్టూ నిలబడి పాడాం, గట్టిగా ప్రార్థన చేశాం. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అయినా రెండో పాట అందుకున్నాం. ఆ రోజు మాకు పరీక్ష పెట్టి ఉంటే మొదటి అంశంలోనే తప్పేవాళ్లం.

లూకా 16వ అధ్యాయంలో లాజరు దగ్గరికి వచ్చినవి కుక్కలే. ధనవంతుడు వాకిలి దాటి రాలేదు. ఇది చెప్పి, కుక్కను పంపితే చాలు కదా అనుకునేవాళ్లున్నారు. కాదు. కుక్క వెంట మనిషి ఉండాలి, ఆ మనిషి కూర్చుని వినాలి. తాకేవాళ్లు, పలకరించేవాళ్లు లేక ఏళ్లు గడిపిన వాళ్లు కుక్క తలమీద చెయ్యి వేసి, చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒకటుండేదని మొదలుపెడతారు. మన పని అప్పుడు మొదలవుతుంది.

ఇది మన దేశంలో జరగనిదేం కాదు. చెన్నైలో బ్లూ క్రాస్ వారు 'డాక్టర్ డాగ్' అన్న పేరుతో కుక్కలను ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు. వేలు పోసి హస్కీని కొననక్కర్లేదు. వీధిలోంచి తెచ్చుకున్నదైనా నిదానస్తురాలైతే చాలు. టీకాలు వేయించండి, ఆపరేషన్ చేయించండి. కొట్టి నేర్పకండి. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

కాబట్టి పెద్దలకు నా మనవి, ఎప్పటికీ వద్దనకండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు నా మాట: ఇప్పుడే వద్దు. వచ్చే ఆదివారం ఆశ్రమానికి ఇద్దరే వెళ్లండి. ఎవరికి కుక్క ఇష్టం, ఎవరికి భయం, ఎవరికి ఉబ్బసం, ఎవరి ఒంటిమీద మానని పుండ్లున్నాయి, అక్కడి నర్సమ్మనూ, పెద్దవాళ్లనూ అడిగి రాసుకుని రండి. వంట చేసే అమ్మను, ఊడ్చే అమ్మను కూడా అడగండి. కుక్కలు ఆ రోజుకు ఇంట్లోనే ఉండనివ్వండి.