కన్నులు లేని సాలీడు



సాలెపురుగు లేని ఇల్లు లేదు. అందుచేతనే కాబోలు, దానిని పరీక్షించి చూసేవారు అరుదు. శాస్త్రజ్ఞులు ఇంతవరకు వర్ణించిన సాలీళ్ల జాతులు 50,000 పైచిలుకు. వాటిలో ఒక గుహావాసి కథ ఈ సభకు నివేదింపదగినది.

ఆంధ్రదేశంలోని బొర్రా, బెలుం గుహలు సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడినవి. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల గుహలు అట్టివి కావు. అగ్నిపర్వతం నుండి పారిన లావా పైపొర చల్లారి గట్టిపడుతుంది. లోపలి ద్రవం ముందుకు సాగిపోతుంది. వెనుక సొరంగం మిగులుతుంది. ఉష్ణమండలపు దీవులలోని ఇటువంటి సొరంగాలలో, చీకటికే అంకితమైన ప్రాణులు ఉండవని పండితులు చిరకాలం భావించారు. మంచుయుగాల మార్పులకు తాళలేక గుహలలో తలదాచుకొన్న జీవుల సంతతే గుహాజీవులని వారి సిద్ధాంతం. 1971లో ఫ్రాన్సిస్ హోవర్త్ ఆ సొరంగాలలో దిగి వెదికారు. సిద్ధాంతం నిలువలేదు.

కవాయీ దీవిలో కొలోవా ప్రాంతపు గుహలలో దొరికిన సాలీడు అన్నిటికన్న వింతైనది. దేహం ముప్పాతిక అంగుళానికి మించదు. గూడు అల్లదు, చీకటిలో నడచి వేటాడుతుంది. దానిని వర్ణించే పని సాలీళ్ల శాస్త్రంలో ఆరితేరిన విల్లిస్ గెర్ట్ష్ వహించారు.

ఇక్కడనే చిక్కు వచ్చింది. ఆ ప్రాణి తోడేలు సాలీళ్ల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబాన్ని గుర్తించేదే కన్నుల అమరికను బట్టి: క్రింది వరుసలో నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, వాటికి వెనుక మరి రెండు. ఈ సాలీడుకు ఒక్క కన్నూ లేదు! ఇటువంటప్పుడు కోరల పండ్లను, కాళ్ల ముళ్లను, ముఖ్యంగా ఎదిగిన ఆడ, మగ ప్రాణుల జననాంగాలను సూక్ష్మదర్శిని క్రింద పోల్చి చూడవలసి ఉంటుంది. పిల్ల సాలీడు దొరికితే చాలదు. ఒక కొత్త జాతిని ప్రకటించడమంటే ఇంత ఓపిక కావాలి.

1973లో గెర్ట్ష్ దానికోసం కొత్త ప్రజాతినే ఏర్పరచి అడెలోకోసా అనాప్స్ అని నామకరణం చేశారు. అనాప్స్ అంటే గ్రీకులో కన్నులు లేనిది. ఆంగ్లంలో వాడుక పేరు మాత్రం ‘కన్నులు లేని పెద్దకన్నుల సాలీడు’. పుట్టుగుడ్డికి కమలాక్షి అని పేరు పెట్టినట్టుంది! అదే వ్యాసంలో, హవాయి అనే పెద్ద దీవి గుహలలోని చిన్నకన్నుల సాలీడుకు హోవర్త్ పేరు పెట్టారు.

దాని ఆహారమైన చిన్న ప్రాణి రొయ్యలకు దూరపు చుట్టం. దాని వర్ణన 1976లో వెలువడింది. అది గుహలోనికి దిగిన చెట్ల వేళ్లు కుళ్లితే తిని బ్రతుకుతుంది. పైన చెట్టు కొట్టివేస్తే క్రింద దానికి తిండి ఉండదు, అది లేనిదే సాలీడుకు తిండి ఉండదు. గుహలోని తేమ తగ్గినా ప్రమాదమే. పైగా బయటి తోడేలు సాలీళ్లు వందేసి గుడ్లు పెడుతూ ఉంటే, ఇది పెట్టేది 15 నుండి 30 మాత్రమే. తరిగిన సంతతి త్వరగా కోలుకోదు. కొలోవా నేల 1835 నుండి చెరకు తోటలకు, ఆ తరువాత విహారస్థలాలకు నెలవైనది. పైన నడిచేవారికి తమ పాదాల క్రింద ఎవరున్నారో తెలియదు.

వర్ణన జరిగిన 27 ఏండ్లకు, 2000 జనవరిలో, అమెరికా ప్రభుత్వం ఈ రెండు ప్రాణులను అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చింది. పేరే లేకుంటే పట్టికలో ఏమని వ్రాసేవారు? 2003లో వాటి మనుగడకు అత్యవసరమైన తావులుగా 14 ముక్కలలో 110 హెక్టార్ల నేలను గుర్తించారు.