కూలి పద్దు



కూలివాని చేతిలో రూపాయలు పడిననాడే కూలి ఖర్చైనదని మనలో ననేకులు తలంతురు. డబ్బుపెట్టె తెరచిననాడే పద్దు వ్రాయుదురు. ఇది పొరపాటు. పని ముగిసిన క్షణముననే కూలి యజమానికి ఋణమగుచున్నది. సొమ్మిచ్చుట యా ఋణమును తీర్చుట. ఈ భేదమును మన సీమలోని మూడు ఊళ్ల కూలి పద్ధతులతో విన్నవించెదను. కూలి మొత్తములు ఉదాహరణకై నేననుకొన్నవి.

ప్రతి పద్దునకును రెండు ముఖములు గలవు: ఒక ఖాతాకు ఖర్చు, అనగా డెబిటు, మరియొక ఖాతాకు జమ, అనగా క్రెడిటు. ఇటలీ దేశీయుడు లూకా పచోలీ 1494లో వెనిసు నగరమున అచ్చువేయించిన గ్రంథమున వివరించిన పద్ధతి యిదియే.

పుంగనూరు చెంతనొక రైతు టమోటా కోతకు ఎనిమిదిమందిని, దినమునకు 400 రూపాయల చొప్పున, నాలుగు దినములు పిలిచెననుకొనుడు. కోత మార్చి 31న ముగిసినది. సరకు సొమ్ము రానందున కూలి ఏప్రిల్ 3న ఇచ్చినాడు. మార్చి 31న చిట్టాలో “కూలి ఖాతాకు ఖర్చు 12,800, చెల్లించవలసిన కూలి ఖాతాకు జమ 12,800” అని వ్రాయవలయును. ఏప్రిల్ 3న చెల్లించవలసిన కూలి ఖాతాకు ఖర్చు, నగదు ఖాతాకు జమ. మొదటి పద్దు విడిచినచో ఆ యేటి లాభము 12,800 అధికముగా కానవచ్చును. ఆ యధికము ఎనిమిది కుటుంబములకు రావలసిన సొమ్ము!

ఇక మదనపల్లె. అచటి నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గములకు పేరుగన్నది. నేతగానికి షావుకారు 20,000 అడ్వాన్సు ఇచ్చినచో అది యప్పటికి కూలి ఖర్చు కాదు. నేతగానినుండి రావలసిన బాకీ. కావున అడ్వాన్సు ఖాతాకు ఖర్చు, నగదునకు జమ. చీర దిగినపిమ్మట కూలి 6,000 అయి, అందులో 1,000 బాకీక్రింద పట్టుకొన్నచో, కూలికి ఖర్చు 6,000. అడ్వాన్సునకు జమ 1,000. నగదునకు జమ 5,000. చేతికిచ్చిన 5,000 మాత్రమే వ్రాసి యూరకున్నచో, తీరిన వేయి రూపాయలకు సాక్ష్యమెక్కడ? బాకీ యెన్నటికిని 20,000గానే నిలుచును. అప్పు పేర మనిషిని పనికి కట్టివేయుటను 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించినది. కాని తప్పుడు పద్దు ఆ సంకెలనే చాటుగా మరల తగిలించును.

కుప్పమున గ్రానైటురాతికి మెరుగుపెట్టు కర్మాగారములు గలవు. అట్టిచోట ఇరువదిమందికి నెలకు 15,000 చొప్పున జీతము 3,00,000. భవిష్యనిధికి పనివారి భాగము నూటికి 12 వంతున 36,000. ఉద్యోగుల రాజ్యబీమాకు, 2019 జూలై నాటి రేటున, నూటికి ముప్పాతిక వంతున 2,250. ఈ రెండును పట్టుకొనగా చేతికి వచ్చునది 2,61,750. పద్దులో మాత్రము జీతముల ఖాతాకు ఖర్చు పూర్తిగా 3,00,000. నిధికి, బీమాకు, చెల్లించవలసిన జీతములకు విడివిడిగా జమ.

యజమాని తనవంతుగా నిధికి 36,000, బీమాకు నూటికి మూడుంబాతిక వంతున 9,750 చేర్చవలయును. దానికి వేరుపద్దు. పాలనా రుసుము ప్రక్కనుంచినను అసలు ఖర్చు 3,45,750.

పట్టుకొన్న 38,250 పెట్టెలోనే యున్నను యజమాని సొమ్ము కాదు. తనవంతుతో కలిపి 84,000 మరునెల 15వ తేదీలోగా కట్టవలయును. పనివాని భాగమును పట్టుకొని కట్టనివానిని చట్టము నమ్మకద్రోహిగా నెంచును. జబ్బుపడి ఆసుపత్రి మెట్లెక్కిన పనివానికి ఆ కట్టని సొమ్ము విలువ తెలియును.

కావున చిట్టా వ్రాయునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: పని యెన్నడు జరిగినది? మొత్తము కూలి యెంత? అందులో నా చేత నిలిచినది ఎవరి సొమ్ము? వీనికి సరియగు నుత్తరము వ్రాసిన యజమానికి తన లాభము తెలియును. పనివానికి తన హక్కు నిలుచును.