మెచ్చిన కలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగలో పెన్నులను గూర్చిన ప్రసంగమేమని కొందఱికి తోచవచ్చును. కాని పుస్తకమునకు తల్లి కలమే కదా! పైగా మన సీమలో ఫౌంటెన్ పెన్నులపై మక్కువ గలవారు నలుగురు కూడినచో, ఆ ముచ్చట శనగల ధర ముచ్చటకంటెను, ఎన్నికల ముచ్చటకంటెను వేడిగా సాగును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో నాకు ముగ్గురు మిత్రులు కలరు. ముగ్గురును మూడు తెగల కలములకు భక్తులు. వారి వాదములను మీ యెదుట నుంచి, అటుపై నాకు తోచిన తీర్పును విన్నవించెదను. తీర్పు నచ్చనివారు తమ జేబులోని పెన్ను తీసి వ్రాతమూలకముగా అభ్యంతరము తెలుపవచ్చును.

ముందుగా ఈ పరికరము పనిచేయు తీరు తెలిసికొన్నచో వాదము సులభమగును. సిరాబుడ్డిలో ముంచి వ్రాయు కలమును కొన్ని మాటలకొకమారు మరల ముంచక తప్పదు. కలము కడుపులోనే సిరా నింపి, అది తనంతట తాను పాళీకి దిగునట్లు చేయవలెనని పలువురు యత్నించిరి. చిక్కు ఎచ్చటననగా, సిరా దిగినంత మేర గాలి లోని కెక్కవలెను. గాలికి దారి లేకున్న సిరా కదలదు. దారి మితిమీరిన సిరా కారి చొక్కా చెడును. న్యూయార్కు నగరమున బీమా వ్యాపారము చేసిన లూయీ వాటర్‌మన్ 1884లో పాళీ క్రింది నాలుకకు సన్నని చీలికలు పెట్టి, ఈ రెండింటికిని లెక్క కుదిర్చి, పేటెంటు పొందెను. నేటికిని ఏ పెన్ను విప్పి చూచినను పాళీ, నాలుక, సిరాగది అనునవే ముఖ్యాంగములు. తక్కినది చాలవరకు అలంకారము.

ఇక ప్రొద్దుటూరి మిత్రుని వాదము. ఆయన బట్టల వర్తకుడు, పార్కరు పక్షము. జార్జి పార్కరు అమెరికాలోని జేన్స్‌విల్ అను ఊర టెలిగ్రాఫు విద్య నేర్పిన ఉపాధ్యాయుడు. తన శిష్యులకు తానమ్మిన పెన్నులు మాటిమాటికి కారుచుండగా, వానిని బాగుచేసి చేసి విసిగి, మంచి పెన్ను తానే చేయబూని 1888లో సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ 1941లో విడుదల చేసిన ‘పార్కర్ 51’ లోకప్రసిద్ధము. దాని పాళీ దాదాపు మొత్తము ముసుగులో దాగి, కొన మాత్రము బయటికి కనబడును. “గల్లాపెట్టె ముందు కూర్చుండువానికి గంట కొకమారు రెండంకెలు వ్రాయు పని. మూత తీసిన తక్షణము వ్రాయవలెను. ముసుగు పాళీకి గాలి తగులదు, సిరా యెండదు” అని మా మిత్రుని వాదము. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రముపై మెకార్థర్ సేనాని సంతకము చేసినపుడు వాడిన పెన్నులలో పార్కరు డ్యుయోఫోల్డు ఒకటని ఆయన చెప్పక మానడు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినది తన జేబులోని కంపెనీ వలననే యన్నట్లుండును ఆయన ధోరణి!

జమ్మలమడుగు మిత్రుడు దస్తావేజు లేఖరి. ఆయన రాజమహేంద్రవరపు రత్నం పెన్నును తప్ప మరియొకదానిని చేతబట్టడు. ఈ కథ తెలుగువారందఱును తెలిసికొనదగినది. కోసూరి వెంకటరత్నముగారు వృత్తిచే స్వర్ణకారులు. సామాన్యజనులకు ఉపయోగపడు వస్తువు నేదేని స్వదేశమున చేయుమని గాంధీమహాత్ముడు 1921లో వారికి బోధించినట్లు ప్రసిద్ధి. వారు ఏండ్ల తరబడి శ్రమించి ఫౌంటెన్ పెన్ను చేసిరి. మహాత్ముడు స్వదేశీ విషయమున రాజీపడువాడు కాడు. పెన్నులోని ప్రతిభాగమును ఇచ్చటనే తయారుకావలెను. అట్టి పెన్ను అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము కార్యదర్శి కుమారప్పగారి ద్వారా ఆయనకు చేరెను. 1935 జూలై 16న గాంధీజీ రత్నముగారికి జాబు వ్రాయుచు, తాను దానితో వ్రాసి చూచితిననియు, బజారులోని విదేశీ పెన్నులకు అది తగిన బదులుగా నున్నదనియు మెచ్చుకొనెను. ఆ ఇంటివారు నేటికిని ఆ నగరముననే పెన్నులు చేయుచున్నారు. అక్కడి గైడర్ పెన్నులకును వేఱుగా అభిమానులు కలరు.

ఈ పెన్నుల ఒడలు ఎబొనైటు. అనగా రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచిన పదార్థము. దాని కడ్డీని తిరుగుడుపట్టెపై చేత తరిచి పెన్ను చేయుదురు. “వ్రాసి వ్రాసి నా వ్రేళ్ళు నొచ్చినవి గాని యీ పెన్ను జాఱలేదు. చెమటపట్టిన చేతికి నున్నని ప్లాస్టిక్కు జాఱును, ఎబొనైటు అంటుకొని యుండును” అని ఆ లేఖరి చెప్పును. దీనికి సిరాను ఫిల్లరుతో చుక్కచుక్కగా పోయుదురు. ఒడలంతయు సిరాగదియే గనుక రెండు మూడు మిల్లీలీటర్ల సిరా పట్టును. నేటి కన్వర్టరు గల పెన్నులలో ఒక మిల్లీలీటరైనను పట్టుట అరుదు. దినమంతయు వ్రాయువానికి ఇది చిన్న సౌకర్యము కాదు.

పులివెందుల మిత్రుడు బడిపంతులు. ఆయన జేబులో రెండు పెన్నులుండును. పిల్లలకు చూపుట కొకటి హీరో, తనకొకటి పైలట్. హీరో పెన్నుల కర్మాగారము 1931లో షాంగై నగరమున పుట్టినది. పార్కర్ 51ని పోలిన ముసుగుపాళీ పెన్నులను అది చవుకగా లోకమునకు అందించెను. పరీక్షలకు పోవు విద్యార్థి జేబున హీరో పెన్నుండుట మన జిల్లాలో ఒక తరమువారికి గౌరవచిహ్నము. జపానుదేశపు పైలట్ సంస్థ 1918లో ఆరంభమైనది. “జపానువారును మనవలెనే చిక్కని అక్షరములు వ్రాయుదురు. అందుచే వారి సన్నపాళీ పాశ్చాత్యుల సన్నపాళీకంటె ఒక మెట్టు సన్నము. మన ‘క్ష్మ’ను, ‘ర్థ్య’ను వ్రాసి చూడుడు, కన్నులు పూడవు” అని పంతులుగారి వాదము.

ఇవి మూడు వాదములు. ఇక మనము తూకము వేయవలెను.

మొదటి పరీక్ష మన లిపి. తెలుగక్షరము గుండ్రము. పాళీ దానితోపాటు అన్ని దిక్కులకును తిరుగవలెను. మందపాళీతో వ్రాసినచో అక్షరపు కడుపు సిరాతో నిండి వత్తులు ముద్ద కట్టును. సూదివంటి పాళీతో వ్రాసినచో మెత్తని కాగితము గీసికొని పోగులు పాళీ చీలికలో చిక్కును. సన్నమునకును మధ్యమమునకును నడుమ నుండి, కొన నున్నగా నూఱిన పాళీ మనకు తగును. ఈ పరీక్షలో పంతులుగారి పైలట్ గెలిచినది. చేతిపాళీల విషయమున ఒక సదుపాయము కలదు. చేసినవారినే అడిగి, మన వ్రాతకు తగినట్లు నూఱించుకొనవచ్చును.

రెండవ పరీక్ష మన యెండ. మే మాసమున మన జిల్లాలో ఎండ నలువది డిగ్రీలను దాటుట మామూలు. ఫిల్లరుతో నింపు పెన్నులో సిరా తగ్గిన కొలది గాలి పెరుగును. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను నెట్టును. కాగితముపై బొట్టు పడును. లేఖరిగారి పెన్ను కీ దోషము కలదు. నివారణ సులభము. సగము కాకముందే మరల నింపవలెను. పలుచని ప్లాస్టిక్కుకంటె మందపు ఎబొనైటు వేడిని నెమ్మదిగా లోనికి పోనిచ్చునన్నది కొంత మేలు. చిన్న గది గల పార్కరు, హీరోలకు ఈ బాధ తక్కువ. ఇచ్చట వర్తకుని మాట నిలిచినది.

మూడవ పరీక్ష మరమ్మతు. నా దృష్టిలో ఇది పెద్ద పరీక్ష. పెన్ను క్రిందపడును. పాళీ వంగును. నాలుకలో మడ్డి చేరును. ఆనాడు దానిని ఎవరు బాగుచేయుదురు? పాత పార్కర్ 51 తయారీ 1972లో ఆగిపోయినది. ఇటీవల అదే పేరున క్రొత్త నమూనా వచ్చినను, పాతదాని భాగములకు వెదకులాట తప్పదు. ఎబొనైటు పెన్ను నాలుకను చేతితో ఊడదీసి, కడిగి, అరిగినచో మరియొకటి తరిచి పెట్టవచ్చును. ప్రొద్దుటూరు స్వర్ణకారుల ఊరు. రత్నముగారి స్వదేశీ పెన్నును మలచినదియు స్వర్ణకారుని చేయియే. సన్నని లోహపు ఱేకును తట్టి సరిచేయు విద్య మన గడపలోనే యున్నదని మఱవరాదు. పారవేయుటకు పుట్టిన పెన్ను చవుకయని కొందుము గాని, ఏడాదికి ఎన్ని పారవేసితిమో లెక్క వేయము. ఈ పరీక్షలో లేఖరి గెలిచెను. తుదితీర్పును ఆయన పక్షముననే చెప్పుచున్నాను. మన చేతికి తగునట్లు మలచగలిగినదియు, చెడిన బాగుపడునదియు నగు పెన్నే మనకు మేలు.

కాని ముగ్గురును ఒక విషయమును తడవలేదు. అది సిరా. పిల్లలు వాడు లేత నీలపు సిరా నీరు తగిలినచో కరగిపోవును, ఎండకు వెలిసిపోవును. ఉతికిన చొక్కాకు అది మేలు, రిజిస్టరుకు చేటు. పూర్వులు కరక్కాయను, అన్నభేదిని కలిపి సిరా కాచుకొనిరి. నేడంత శ్రమ అక్కరలేదు. 1931లో పుట్టిన కామ్లిన్, 1934లో వంగదేశమున స్వదేశీ దీక్షతో పుట్టిన సులేఖ మొదలుగా మన దేశపు సిరాలు కలవు. నిలువయుండవలసిన వ్రాతకు నీటికి కరగని శాశ్వతపు సిరాను అడిగి కొనవలెను. అట్టి సిరా వాడువారు రెండు మూడు వారముల కొకమారు పెన్నును చన్నీట కడుగవలెను. పటములు గీయు లక్కసిరాను మాత్రము పెన్నులో పోయరాదు. అది నాలుకలో గట్టిపడి పెన్నును చంపును.

‘ఫోనుపై వ్రేలితో వ్రాయు కాలమున ఈ గొడవ యెందుకు?’ అని యువకు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఫోను వార్తను వేగముగా పంపును. నేనును పంపుదును. కాని ఆ ఫోను పగిలిననాడు అందులోని తాతగారి మాట యెచ్చట వెదకుదుము?

మనము నిలుచున్న నేల వ్రాతకు పుట్టినిల్లు. యెఱ్ఱగుంట్ల మండలమందలి కలమళ్ళలో రేనాటి చోళుడు ధనంజయుని శాసనము కలదు. సుమారు క్రీ.శ. 575 నాటిది. తెలుగున లభించిన మొదటి శాసనముగా పండితులు దానిని పేర్కొందురు. చెక్కినవాని ఉలి యేది చేసినదో ఎవరెఱుగుదురు? అక్షరము నిలిచినది. కర్నల్ మెకంజీ (1754–1821) మన పల్లెల వృత్తాంతములను వ్రాయించి సేకరింపగా అవి కైఫీయతులై నిలిచినవి. బ్రౌనుదొర 1820లో కడపకు వచ్చి, తరువాత తన ధనముతో పండితులను, లేఖరులను పోషించి తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించెను. వారు వ్రాయకున్న మన పల్లెల కథలెన్నియో మనకే తెలియకుండెడివి.

ఆ పని నేడు ఎవరు చేయుచున్నారు? ఊరి లెక్కలు వ్రాసిన కరణముల పదవులు 1984లో రద్దయినవి. గండికోట జలాశయము నిండగా 2020లో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అయినవి. నీరు ఇండ్లను ముంచును. పొలముల పేర్లు, వీధి అరుగులు, దిగుడుబావులు, జాతర ముచ్చటలు ఎవరైన వ్రాసియుంచకున్న అవియును మునిగిపోవును. మునుగని ఊళ్ళలోను ఒక్కొక్క వృద్ధునితో ఒక్కొక్క పొలము పేరు పోవుచున్నది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమునకు ఒక మనవి. గట్టి కాగితముతో, గట్టి కుట్టుతో ఒక పెద్ద పుస్తకము కట్టించి ఈ గ్రంథాలయపు బల్లపై ఉంచుడు. దానికి ‘మన ఊరి కైఫీయతు’ అని పేరు పెట్టుడు. ప్రక్కన శాశ్వతపు సిరాబుడ్డి యొకటి, అద్దుడు కాగితము ఒకటి ఉంచుడు. ప్రతి చందాదారుడును తన ఇంటి పెద్దనడిగి తెలిసికొన్న ఒక్క సంగతిని, తేదీతో, చేవ్రాలుతో, ఒక్క పుటలో వ్రాయవలెను. ఎండిపోయిన వంక పేరైనను సరే, ఇప్పుడెవరును వేయని జొన్న రకమైనను సరే, అమ్మమ్మ పాడిన దంపుడు పాట సంగతియైనను సరే. చదువురానివారు చెప్పగా బడిపిల్లలు వ్రాయవలెను. వారికి చేతివ్రాతయు కుదురును, ఊరును తెలియును.

పార్కరు వారు పార్కరుతో వ్రాయుడు. రత్నంవారు రత్నంతో, హీరోవారు హీరోతో వ్రాయుడు. మా ముగ్గురు మిత్రులను కూడ పిలిచి తలకొక పుట వ్రాయించెదను. ఏ కలము మేలన్న వాదము ఆ పుస్తకములోనే తేలనిండు. ఈ గ్రంథాలయమున స్వర్ణోత్సవము జరుగునాడు ఆ పుటలు విప్పి చూచువారు పెన్ను పేరడుగరు. అక్షరము చెదరక నిలిచినదా, అందులో మాట యున్నదా యని మాత్రమే చూతురు.